మూత తీయగానే గీతలు, ఆపైన నత్తనడక: స్లీప్ నుంచి లేచిన ల్యాప్‌టాప్‌తో వేగడం ఎలా

"అన్నయ్యా, మూత తీస్తే స్క్రీన్ నిండా గీతలు, మౌస్ కదిపిన చోటల్లా బొమ్మ ముక్కలుముక్కలుగా చెదిరిపోతోంది, తొమ్మిదిన్నరకి మీటింగ్ ఉంది" అని మా చెల్లెలు ఖమ్మం నుంచి ఫోన్ చేసేసరికి నేనింకా పళ్ళు తోముకుంటున్నాను. నోట్లో బ్రష్ ఉండగానే చెప్పాను: విండోస్ బటన్, కంట్రోల్, షిఫ్ట్, బి, ఈ నాలుగూ కలిపి ఒక్కసారి నొక్కు. చిన్న బీప్ వచ్చింది, స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వెలిగింది, గీతలు లేవు. మీటింగ్ గడిచింది. మర్నాడు పొద్దున మళ్ళీ అవే గీతలు, మళ్ళీ అదే ఫోను.

మీరూ ఇలాంటి పొద్దుటి టెన్షన్‌లోనే ఇది చదువుతుంటే ముందు ఆ నాలుగు మీటలూ నొక్కి రండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. విండోస్ 10లోనూ 11లోనూ పనిచేస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్‌ని (బొమ్మ తయారుచేసే చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని) మాత్రమే ఆపి మళ్ళీ మొదలుపెడుతుంది కాబట్టి తెరిచి ఉన్న ఫైళ్ళు, బ్రౌజర్ ట్యాబులు ఎక్కడివక్కడే ఉంటాయి (గేమ్ ఏదైనా నడుస్తుంటే అది మూసుకుపోవచ్చు). కానీ ఇది జ్వరానికి వేసుకునే గోలీ లాంటిది, జ్వరం ఎందుకొచ్చిందో చెప్పదు. నెలకోసారి వేసుకోవాల్సి వస్తే వదిలేయండి. రోజూ వేసుకోవాల్సి వస్తోందంటే కింద ఉన్నది మొత్తం చదవండి.

గీతలు కూడా లేవు, మొత్తం నలుపే అయితే

మూత తీశారు, ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, స్క్రీన్ మాత్రం అమావాస్య. కంగారుపడి పవర్ బటన్ పట్టుకుని నొక్కేయకండి, సేవ్ చేయనిదంతా పోతుంది. ముందు క్యాప్స్ లాక్ నొక్కి దాని లైటు వెలిగి ఆరుతోందా చూడండి. ఆరుతోందంటే మిషన్ మేలుకునే ఉంది, బొమ్మే రావడం లేదు. అప్పుడు పై నాలుగు మీటలు. లాభం లేకపోతే విండోస్ బటన్‌తో పాటు పి నొక్కండి. నిన్న టీవీకో ప్రొజెక్టర్‌కో కలిపి, "సెకండ్ స్క్రీన్ ఓన్లీ" అని పెట్టి, తీసేటప్పుడు మర్చిపోయి వైరు లాగేసినవాళ్ళు బోలెడుమంది. విండోస్ చాలాసార్లు దానంతట అదే సర్దుకుంటుంది గానీ స్లీప్‌లో ఉండగా వైరు లాగితే ఒక్కోసారి సర్దుకోదు.

ఇంకో పని, గది లైటు ఆపి, ఫోన్ టార్చ్‌ని స్క్రీన్‌కి దగ్గరగా పక్కవాటుగా పట్టి చూడండి. విండోలు, ఐకాన్లు లీలగా కనిపిస్తే బొమ్మ వస్తున్నట్టే, దాని వెనక వెలగాల్సిన బ్యాక్‌లైట్ రావడం లేదన్నమాట. బ్రైట్‌నెస్ మీట పెంచి చూడండి, అయినా లీలగానే ఉంటే అది సాఫ్ట్‌వేర్ కంటే వైరు సమస్యో ప్యానెల్ (స్క్రీన్ పలక) సమస్యో అయ్యే అవకాశం ఎక్కువ. (ఓఎల్ఈడీ స్క్రీన్లకి బ్యాక్‌లైటే ఉండదు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.)

క్యాప్స్ లాక్ లైటు కూడా ఉలకకపోతే అది లేవలేదు, దారిలోనే ఇరుక్కుంది. అప్పుడు వేరే దారి లేదు, పవర్ బటన్ పది పదిహేను సెకన్లు పట్టి ఆపేయడమే.

అసలు నిద్రలో ఏం జరుగుతుంది

ఎండాకాలం మధ్యాహ్నం భోంచేసి పడుకుని లేచినప్పుడు ఇది పొద్దునా సాయంత్రమా అని రెండు నిమిషాలు తికమకపడతాం చూడండి, ల్యాప్‌టాప్‌ది సరిగ్గా అదే పరిస్థితి. పాత పద్ధతి నిద్రలో (దాన్ని ఎస్3 అంటారు) ర్యామ్‌కి మాత్రం కాస్త కరెంటు ఇస్తూ మిగతా అన్నిటికీ ఆపేస్తారు. గ్రాఫిక్స్ చిప్‌కీ, స్క్రీన్‌కీ కూడా. లేవగానే డ్రైవర్ ఆ చిప్‌ని మళ్ళీ మొదటినుంచి సిద్ధం చేసి, పడుకోబోయే ముందు ఎక్కడుందో అక్కడికి తెచ్చి, స్క్రీన్‌తో మళ్ళీ మాట కలపాలి. ఇందులో ఏ ఒక్క మెట్టు తప్పినా గీతలు, నలుపు, మినుకుమినుకు.

కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ నిద్రే లేదు. వాటిది మోడర్న్ స్టాండ్‌బై, అంటే ఫోన్ లాగా స్క్రీన్ ఆరిపోతుంది గానీ లోపల కోడినిద్రే. మధ్యమధ్య లేచి మెయిల్ చూసుకుంటుంది, అప్‌డేట్లు దించుకుంటుంది. మూత వేసి బ్యాగులో పెట్టి ఆఫీసుకి వెళ్ళి తీస్తే ఇడ్లీ పాత్రలా వేడిగా ఉండేది ఈ రకమే.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పవర్ అనే ఇంగ్లిష్ మాట, దానికి ఆనుకునే సి, ఎఫ్, జి అక్షరాలు, తర్వాత ఒక ఖాళీ, స్లాష్, వెంటనే ఇంగ్లిష్‌లో మొదటి అక్షరం "ఏ". ఎంటర్ కొట్టండి. మొదటి భాగంలో "స్టాండ్‌బై ఎస్3" అని ఉంటే పాత నిద్ర, "ఎస్0 లో పవర్ ఐడిల్" అని ఉంటే కోడినిద్ర. ఇది గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

స్క్రీన్ మార్చాలి అనేముందు మూడు పరీక్షలు

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, డబ్బులు మిగిలేది ఇక్కడే. మా చెల్లెలు మూడోరోజు నాకు చెప్పకుండా పక్క వీధిలో రిపేరు షాపుకి తీసుకెళ్ళింది. అతను గీతలు చూసి, "డిస్‌ప్లే పోయింది మేడమ్, 7,500 అవుతుంది" అన్నాడు. పావుగంట కూడా చూడలేదు. అతను మోసగాడని నేననను, గీతలంటే డిస్‌ప్లే అనుకోవడం అలవాటు, అంతే. కానీ నిద్ర లేచినప్పుడు మాత్రమే వచ్చి, నాలుగు మీటలు నొక్కితే పోయే గీత పగిలిన ప్యానెల్‌ది కాదు. ప్యానెల్ పాడైతే దానికి పొద్దున్నా సాయంత్రమా అని ఉండదు.

మొదటి పరీక్ష: గీతలు కనిపిస్తుండగానే స్క్రీన్‌షాట్ తీయండి, విండోస్ బటన్‌తో ప్రింట్ స్క్రీన్ నొక్కితే పిక్చర్స్ ఫోల్డర్‌లో పడుతుంది. దాన్ని ఫోన్‌కి పంపుకుని ఫోన్‌లో చూడండి. (అదే ల్యాప్‌టాప్‌లో చూస్తే గీతలు ఎలాగూ కనిపిస్తాయి, నవ్వకండి, నేనే ఒకసారి అలా చేశాను.) ఫోన్‌లోనూ గీతలుంటే తప్పు గ్రాఫిక్స్ చిప్ లేదా డ్రైవర్ దగ్గరే. ఫోన్‌లో బొమ్మ శుభ్రంగా ఉంటే తప్పు చిప్ దాటాక, అంటే స్క్రీన్‌కి వెళ్ళే దారిలోనో స్క్రీన్‌లోనో ఉంది.

రెండోది: హెచ్‌డీఎంఐ వైరుతో ఇంట్లో టీవీకి కలపండి. రెండిట్లోనూ గీతలుంటే చిప్, డ్రైవర్. టీవీ శుభ్రంగా ఉండి ల్యాప్‌టాప్ స్క్రీన్‌లో మాత్రమే ఉంటే మళ్ళీ అదే మాట, దారి లేదా స్క్రీన్.

మూడోది చాలామంది వదిలేసేది: విండోస్ లేకుండా చూడటం. రీస్టార్ట్ చేస్తూ బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల పేజీలోకి వెళ్ళండి (కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10, డిలీట్, ఏదో ఒకటి). ఆ పేజీలో ఐదు నిమిషాలు వదిలేసి, మూతని మెల్లగా ముందుకీ వెనక్కీ వంచండి. అక్కడా గీతలొస్తే విండోస్‌ని తిట్టి లాభం లేదు. మూత వంపుని బట్టి గీతలు వచ్చిపోతుంటే కీలు దగ్గర స్క్రీన్ కేబుల్ నలిగిందని దాదాపు ఖాయం, ప్యానెల్ మార్చడం కంటే కేబుల్ మార్చడం చాలా చవక. డెల్ ల్యాప్‌టాప్ అయితే ఇంకో సుళువు ఉంది, ఆపేసి ఉన్నప్పుడు కీబోర్డులో డి మీట పట్టుకుని పవర్ నొక్కితే స్క్రీన్ తనంతట తనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఇలా రంగులు ఒక్కొక్కటే చూపిస్తుంది, గీత ఉంటే అందులో తప్పించుకోలేదు.

మా చెల్లెలి ల్యాప్‌టాప్‌లో స్క్రీన్‌షాట్ శుభ్రం, టీవీ శుభ్రం. ఇంతవరకే చూస్తే షాపతను చెప్పిందే నిజం అనిపిస్తుంది. కానీ బయాస్‌లో కూడా శుభ్రమే, ఎంత వంచినా. అంటే చిప్ బాగుంది, స్క్రీన్ బాగుంది, వాళ్ళిద్దరి మధ్య మాటే కుదరడం లేదు.

ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అనే దొంగ

స్క్రీన్ మీద బొమ్మ కదలనప్పుడు (మీరు చదువుతున్నారనుకోండి) గ్రాఫిక్స్ చిప్ సెకనుకి 60 సార్లు అదే బొమ్మని పంపడం దండగ కదా. అందుకని స్క్రీన్‌లోనే ఒక చిన్న మెమరీ పెట్టి, "చివరి బొమ్మ నీ దగ్గరే ఉంచుకుని చూపిస్తుండు, నేను కునుకు తీస్తా" అని చిప్ ఒప్పందం చేసుకుంటుంది. బ్యాటరీ మిగులుతుంది. దీన్నే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అంటారు. ఈ ఒప్పందంలో ఎవరు ఎప్పుడు లేవాలన్నది తేడా వస్తే స్క్రీన్ తన దగ్గరున్న పాత బొమ్మ ముక్కలనీ కొత్త ముక్కలనీ కలిపి చూపిస్తుంది. మినుకులు, మౌస్ వెంట చెదురు, కొద్దిసేపు గడ్డకట్టినట్టు ఉండటం ఇవన్నీ దీని లక్షణాలు. స్క్రీన్‌షాట్ శుభ్రంగా రావడానికి కారణం కూడా ఇదే, చిప్ దగ్గరున్న బొమ్మలో తప్పేమీ లేదు.

ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్ తెరిచి, సిస్టమ్‌లో పవర్ అనే చోటికి వెళ్ళి ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్‌ని ఆపండి. బ్యాటరీ మీద ఉన్నప్పటికి ఒకటి, ఛార్జింగ్‌లో ఉన్నప్పటికి ఒకటి, రెండు చోట్లా చూసుకోండి. మీ దగ్గరున్న సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ని బట్టి మెనూ పేర్లు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. ఏఎమ్‌డీ వాళ్ళు తమ సాఫ్ట్‌వేర్‌లో వేరీ-బ్రైట్ ఆపి చూడండి, అది గీతల కంటే బ్యాటరీ మీద రంగులు వెలిసిపోవడం, వెలుతురు దానంతట అదే మారడం లాంటివాటికి కారణం. 120, 144 హెర్ట్జ్ (సెకనుకి అన్నిసార్లు బొమ్మ మారే) స్క్రీన్ అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దగ్గర డైనమిక్ అని ఉన్నదాన్ని తీసి ఒకే అంకె మీద నిలబెట్టండి. ఒకసారికి ఒక్కటే మార్చి, రెండ్రోజులు చూసి, తర్వాతే ఇంకోటి ముట్టుకోండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు.

మా చెల్లెలికి ఇక్కడితోనే గీతలు ఆగిపోయాయి. బ్యాటరీ కొంచెం ముందు అయిపోతోందంటుంది, ఆ మాత్రం భరించొచ్చు.

డ్రైవర్ సంగతి

స్క్రీన్‌షాట్‌లో కూడా గీతలు పడినవాళ్ళు ఇక్కడికి రండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్, అందులో విండోస్ లాగ్స్, సిస్టమ్. మీరు మూత తీసిన సమయం దగ్గర "డిస్‌ప్లే" పేరుతో 4101 నంబరు ఉందేమో వెతకండి. డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆపేసింది, మళ్ళీ కోలుకుంది అని దానర్థం. గ్రాఫిక్స్ చిప్ ఒక పనిలో ఇరుక్కుని 2 సెకన్లు పలక్కపోతే విండోస్ దాన్ని లాగి మళ్ళీ మొదలుపెడుతుంది, విస్టా రోజులనుంచి ఉన్న ఏర్పాటే. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల చిట్టాలో) ఆ 2 సెకన్లని 10 చేసుకోమని చెప్పే వీడియోలు ఉన్నాయి, అది గేదె తాడు తెంపుకుంటోందని ఇంకా పొడుగు తాడు కట్టడం లాంటిది, మామూలు వాడకానికి వద్దు.

4101 కనిపిస్తే, ఈ గొడవ ఎప్పుడు మొదలైందో గుర్తు తెచ్చుకోండి. "మొన్న అప్‌డేట్ అయ్యాకే" అని మీకే అనిపిస్తే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్, మీ కార్డు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డ్రైవర్, రోల్ బ్యాక్ డ్రైవర్. ఆ బటన్ మసకగా ఉండి నొక్కుడు పడకపోతే పాత డ్రైవర్ మీ దగ్గర లేదన్నమాట, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి అక్కడున్నది దించుకోండి. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్తాను: గేమింగ్ కోసం కాకపోతే చిప్ కంపెనీ ఇచ్చే సరికొత్త డ్రైవర్ కంటే ల్యాప్‌టాప్ కంపెనీ మీ మోడల్‌కని ఇచ్చిన పాతదే నిద్ర విషయంలో నమ్మకం. కొత్తదంతా మంచిదని లేదు.

రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో (ఇంటెల్‌తో పాటు ఎన్‌విడియా అనుకోండి) రెండు డ్రైవర్లనీ చూసుకోవాలి. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని వదిలేసి "నేను డ్రైవర్ మార్చేశాను, అయినా పోలేదు" అనేవాళ్ళని ఎంతమందిని చూశానో. ఎంతకీ తేలకపోతే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, డీడీయూ అంటారు, సేఫ్ మోడ్‌లోకి (విండోస్ కనీస అవసరాలతో మాత్రమే లేచే పద్ధతి) వెళ్ళి దానితో పాతవన్నీ ఊడ్చి కొత్తగా వేసుకోవచ్చు. కొత్త డ్రైవర్ ఫైల్ ముందే దించి పెట్టుకుని, నెట్ ఆపేసి చేయండి, లేదంటే మధ్యలో విండోస్ తన సొంత డ్రైవర్‌ని దూర్చేస్తుంది.

బయాస్ అప్‌డేట్‌తో కూడా నిద్ర సమస్యలు బాగవుతుంటాయి, నిజమే. కానీ రెండు జాగ్రత్తలు. ఛార్జర్ పెట్టి, బ్యాటరీ కూడా సగం పైన ఉన్నప్పుడే చేయండి, కరెంటు పోతూ వస్తూ ఉండే వర్షం రోజున అసలు పెట్టుకోకండి, మధ్యలో ఆగితే బోర్డు రిపేరు దాకా పోతుంది. రెండోది, విండోస్ 11లో డిస్క్ లాక్ అయి ఉండొచ్చు, బయాస్ మార్చాక 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే తెరిచి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. అడిగాక వెతకడం మొదలుపెడితే, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఏంటో గుర్తుండదు.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఇవేవీ ముట్టుకోకండి, టికెట్ వేయండి. కాకపోతే "స్క్రీన్ ప్రాబ్లమ్" అని ఒక్క మాట రాసి పంపితే రీస్టార్ట్ చేశారా అని అడిగి మూసేస్తారు. 4101 ఏ రోజు ఎన్ని గంటలకి పడిందో, స్క్రీన్‌షాట్ ఎలా వచ్చిందో, మీది ఎస్3నా ఎస్0నా రాయండి, అటువైపు మనిషి లేచి కూర్చుంటాడు.

బొమ్మ బాగానే ఉంది, నడకే లేదు

ఇప్పుడు రెండో గొడవ. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ చూడండి. అందరూ అక్కడ శాతమే చూస్తారు. మీరు దాని పక్కన "స్పీడ్" అన్న అంకె చూడండి. ఏదైనా పని చేస్తుండగా కూడా అది 0.39, 0.40, 0.78 గిగాహెర్ట్జ్ లాంటి చోట అతుక్కుపోయి ఉంటే, ప్రాసెసర్‌ని ఎవరో గొంతు పట్టుకుని ఉన్నారని అర్థం. రెండు గిగాహెర్ట్జ్ పైన ఉండాల్సింది ఇలా పాకుతుంటే ఎన్ని యాప్‌లు మూసినా, యాంటీవైరస్ ఎన్నిసార్లు నడిపినా దండగే.

మా బావమరిది ల్యాప్‌టాప్‌ది ఇదే కథ. ఆరునెలలు విండోస్‌ని తిట్టాడు, రెండుసార్లు ఫార్మాట్ కొట్టించాడు, ర్యామ్ కూడా పెంచాడు. చివరికి చూస్తే ఛార్జర్. అసలుది పోతే అదే పిన్ను ఉన్న లోకల్ ఛార్జర్ కొన్నాడు, "పిన్ను సరిగ్గా దూరింది బావా, ఛార్జ్ కూడా ఎక్కుతోంది" అని వాదన. కొన్ని కంపెనీల ఛార్జర్లలో "నేను ఇన్ని వాట్లు ఇవ్వగలను" అని ల్యాప్‌టాప్‌కి చెప్పే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఆ మాట అందకపోతే ల్యాప్‌టాప్ భయపడి ప్రాసెసర్‌ని అడుగు స్థాయికి కుదించుకుంటుంది. నిద్ర లేచిన ప్రతిసారీ ఈ పలకరింపు మళ్ళీ జరగాలి, అందుకే లేవగానే నెమ్మదించడం. టైప్-సి ఛార్జింగ్ ఉన్న ల్యాప్‌టాప్‌కి ఫోన్ ఛార్జర్ పెట్టేవాళ్ళదీ అదే బాధ. ఛార్జర్ మీద అవుట్‌పుట్ దగ్గర వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి, గుణించి చూసుకోండి, 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అంటే 65 వాట్లు. ల్యాప్‌టాప్ అడిగేదానికంటే తక్కువుంటే దొరికిపోయింది దొంగ.

పరీక్ష చాలా తేలిక: ఛార్జర్ పీకేసి ఒక నిమిషం ఆ స్పీడ్ అంకెనే చూడండి. పీకగానే పైకి లేస్తే ఛార్జర్ లేదా ఛార్జింగ్ రంధ్రం. పీకినా లేవకపోతే ల్యాప్‌టాప్ మొత్తం షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి (బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి), పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టి, మళ్ళీ ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. లోపల పవర్, ఫ్యాన్, ఉష్ణోగ్రత చూసుకునే చిన్న కంట్రోలర్ ఒకటి ఉంటుంది, చాలా మోడళ్ళలో అది దీనితో కొత్తగా మొదలవుతుంది. ఈ ఒక్క పనితో లేచి పరిగెత్తిన ల్యాప్‌టాప్‌లు నా చేతిలోనే మూడున్నాయి.

వేడి కూడా ఇదే పని చేస్తుంది. బ్యాగులో కోడినిద్రపోయి ఉడికిపోయిన ల్యాప్‌టాప్‌ని తీయగానే అది చల్లబడేదాకా తన వేగం తనే తగ్గించుకుంటుంది. పది నిమిషాల తర్వాత దానంతట అదే బాగవుతోందంటే ముందు దీన్నే అనుమానించండి.

స్పీడ్ బాగానే ఉండి, డిస్క్ 100 శాతం చూపిస్తుంటే రాత్రంతా ఆగిన పనులన్నీ ఒక్కసారి మీద పడ్డాయన్నమాట: డిఫెండర్ స్కాన్, అప్‌డేట్లు, వన్‌డ్రైవ్, ఫైళ్ళ సూచిక. ఎస్‌ఎస్‌డీ అయితే ఐదు నిమిషాల్లో సద్దుమణుగుతుంది, టీ తాగి రండి. ఇంకా పాత తిరుగుడు హార్డ్ డిస్క్ మీదే విండోస్ నడుపుతుంటే నేను చెప్పే చిట్కాలేవీ మిమ్మల్ని ఆదుకోలేవు, ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి.

మెమరీ 90 శాతం దాటితే ట్యాబులు, అంతే. దీనిమీద ఎక్కువ చెప్పను, ఎవరూ మూయరు.

షట్‌డౌన్ చేశాను కదా అంటారు

అదే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీ కింద అప్ టైమ్ అని ఉంటుంది. "రోజూ షట్‌డౌన్ చేస్తానండీ" అనేవాళ్ళ ల్యాప్‌టాప్‌లో కూడా 23 రోజులు అని చూపిస్తుంది. అబద్ధం వాళ్ళది కాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టారు, షట్‌డౌన్ నొక్కితే మీ యాప్‌లు మూసుకుంటాయి గానీ విండోస్ గుండెకాయనీ డ్రైవర్లనీ డిస్క్‌లో దాచిపెట్టి మర్నాడు అక్కడినుంచే లేపుతుంది. అంటే నిన్నటి చెడిపోయిన డ్రైవర్ స్థితి ఈరోజుకీ నడిచొస్తుంది. రీస్టార్ట్ మాత్రమే అసలు స్నానం, షట్‌డౌన్ ముఖం కడుక్కోవడమే.

దీన్ని ఆపాలంటే కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోటు. పైన "చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్" అన్నది నొక్కితేనే కింద టిక్కులు కదులుతాయి, అప్పుడు టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్ దగ్గర టిక్ తీసేయండి. ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్ళకి స్టార్ట్ అవడంలో పెద్ద తేడా తెలీదు.

నిద్ర బదులు హైబర్నేట్

అన్నీ చేశారు, ఇంకా వారానికి రెండుసార్లు గీతలో నత్తనడకో వస్తూనే ఉంది, ఓపిక అయిపోయింది. అప్పుడు నిద్రపుచ్చడమే మానేయండి. హైబర్నేట్ అంటే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌లో రాసి పూర్తిగా ఆగిపోవడం. లేచేటప్పుడు గ్రాఫిక్స్ చిప్ మామూలుగా ఆన్ అయినట్టే మొదటినుంచి మొదలవుతుంది కాబట్టి నిద్ర తాలూకు తికమక చాలావరకు ఉండదు, మీ ఫైళ్ళు మాత్రం తెరిచినవి తెరిచినట్టే ఉంటాయి. బ్యాగులో ఉడకదు, బ్యాటరీ తగ్గదు. లేవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది.

కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇందాకటి పవర్, సి, ఎఫ్, జి మాటే రాసి, ఖాళీ, స్లాష్ హెచ్, మళ్ళీ ఖాళీ, ఆన్. తర్వాత కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో మూత వేస్తే ఏం చేయాలి అన్నచోట హైబర్నేట్ పెట్టండి. నా పద్ధతి ఏంటంటే, బల్ల మీద ఉన్నంతసేపు స్లీప్, బ్యాగులోకి వెళ్తుంటే హైబర్నేట్. ఎస్0 రకం వాళ్ళకి ఇది మరీ మరీ చెప్తాను.

రాత్రి మీరు పడుకున్నాక అదేం చేస్తోందో చూడాలనుంటే, అదే అడ్మినిస్ట్రేటర్ విండోలో మళ్ళీ ఆ పవర్, సి, ఎఫ్, జి మాటే రాసి, ఖాళీ, స్లాష్ తర్వాత స్లీప్ స్టడీ అని ఇంగ్లిష్‌లో కలిపి కొట్టండి, ఎస్0 ల్యాప్‌టాప్‌లకి గత 3 రోజుల నిద్ర చిట్టా ఒక పేజీగా తయారవుతుంది, ఏ పరికరం ఎంతసేపు మేలుకుందో రంగుల్లో ఉంటుంది. మా ఇంట్లో ఒకదాన్ని రాత్రంతా లేపుతున్నది వైఫై కార్డు అని అలాగే తేలింది.

ఉబుంటు లాంటివి వాడేవాళ్ళకి ఒక్క మాట. ఎన్‌విడియా కార్డుతో లేవగానే అక్షరాలు, వాల్‌పేపర్ చెత్తగా మారితే, పడుకునే ముందు వీడియో మెమరీని దాచి లేచాక తిరిగి పెట్టే సెట్టింగు ఆ డ్రైవర్‌లో ఉంది, దానితో పాటు సస్పెండ్, రెజ్యూమ్ సర్వీసులు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంటెల్ అయితే అక్కడ కూడా పైన చెప్పిన సెల్ఫ్ రిఫ్రెష్‌నే కెర్నల్ పారామీటర్‌తో ఆపాలి.

షాపుకి వెళ్ళక తప్పకపోతే

బయాస్‌లోనూ గీతలొచ్చాయి, మూత వంచితే మారుతున్నాయి, లేదా టార్చ్ వెలుగులో మాత్రమే బొమ్మ కనిపిస్తోంది. ఇక షాపే. వారంటీ ఉంటే బయట విప్పించకండి. లేకపోతే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోటుకో మీ ఊళ్ళో నమ్మకస్తుడి దగ్గరకో వెళ్ళి, "డిస్‌ప్లే చూడండి" అనకండి, "కేబుల్ చూడండి" అనండి. మీ ముందే బయట మానిటర్ కలిపి చూపించమనండి, వేరే కేబుల్ పెట్టి చూశాకే ప్యానెల్ మాట ఎత్తమనండి. గీతలు వచ్చినప్పుడు ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోండి, ఎందుకంటే షాపు బల్ల ఎక్కగానే ల్యాప్‌టాప్ బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది. స్క్రీన్ మార్చాల్సే వస్తే పాత ప్యానెల్ వెనక స్టిక్కర్ మీదున్న నంబరుదే అడగండి, సైజు ఒకటే అయినా రిఫ్రెష్ రేటు, పిన్నులు వేరేవి ఉంటాయి.

మా చెల్లెలి ల్యాప్‌టాప్‌కి ఇప్పుడు మూత వేస్తే హైబర్నేట్, సెల్ఫ్ రిఫ్రెష్ ఆఫ్, ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్. నాలుగు నెలలైంది, గీతల ఫోన్ రాలేదు. మొన్న చేసింది గానీ అది ప్రింటర్ గురించి.